పేరు కావాలా, బేస్ కావాలా?

పాత డబుల్ బేస్, అంటే వయొలిన్ తరహాలో మనిషంత ఎత్తుండే తీగ వాయిద్యం, చేతికి రాగానే అందరూ చేసే మొదటి పని, ఫోన్ లైటు వేసి ఎఫ్ ఆకారపు కంతలోంచి లోపలికి తొంగి చూడటం. పసుపెక్కిన కాగితం మీద ఒక ఇటాలియన్ పేరు, పక్కన 17తో మొదలయ్యే సంవత్సరం కనబడితే ఇక ఆ మనిషిని ఆపలేం. కుండబద్దలు కొట్టినట్టు చెప్తున్నాను, మొత్తం వాయిద్యంలో అన్నిటికంటే తక్కువ నమ్మాల్సింది ఆ కాగితాన్నే. దాన్ని అంటించడానికి ఎంతసేపు పడుతుంది? వయొలిన్ల తయారీలో అందరికంటే పేరుమోసిన ఇటాలియన్ స్ట్రాడివారి చేసిన డబుల్ బేస్ ఒక్కటీ మిగిలినట్టు దాఖలా లేదు, ఆయన పేరున్న లేబుళ్ళకు మాత్రం కొదవ లేదు.

లేబుల్‌లో నిజంగా పనికొచ్చేది దేశం పేరు. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ టారిఫ్ చట్టం వల్ల, 1891 నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఇంగ్లీషులో వేయాల్సి వచ్చింది. కాబట్టి కింద ఇంగ్లీషులో "జర్మనీ" అని ఉంటే, పైన 1721 అని ఎంత అందంగా అచ్చు వేసినా ఆ సరుకు దాదాపు ఖాయంగా 1891 తర్వాతదే.

అసలు చదవాల్సింది చెక్కని. మెడ పైన తీగలు బిగించే పెగ్ బాక్స్ పక్క గోడల్లో పూడ్చేసిన రంధ్రాలు ఉన్నాయా చూడండి. ఇంగ్లండ్, ఇటలీల్లో 19వ శతాబ్దంలో మూడు తీగల బేస్‌లు మామూలే, తర్వాత చాలావాటిని నాలుగు తీగలకు మార్చారు. ఆ మార్పు గుర్తులు అక్కడే దొరుకుతాయి. అరుగుదల కూడా చూడండి. నిజంగా వాయించిన బేస్ వాయించేవాడి చెయ్యీ ఒళ్ళూ తగిలేచోట అరుగుతుంది: భుజాల అంచులు, వెనక మోకాలు ఆనే చోటు. ఎవరి చెయ్యీ చేరని మూలల్లో నల్లటి వార్నిష్ పులిమి ఉంటే అది మసిపూసి మారేడుకాయ చేసిన పనే. పైగా మెడ చివర చుట్టలా చెక్కిన స్క్రోల్ ఒకదానిది, బాడీ ఇంకోదానిది అయి ఉండొచ్చు. మోయడానికి కష్టంగా ఉందని బాడీనే కోసి చిన్నది చేసిన బేస్‌లూ ఉన్నాయి. అలాంటిదానికి ఏ వయసు చెప్పాలి?

పేరు మోజుకు పెద్ద ఉదాహరణ, బేస్ వాద్యకారుడు, ఆర్కెస్ట్రా కండక్టర్ అయిన కుసెవిట్స్కీ బేస్. 1611లో ఇటలీలో పేరున్న వయొలిన్ తయారీదారులు అమాటి సోదరులు చేశారని దశాబ్దాల పాటు అందరూ నమ్మారు. కుసెవిట్స్కీ భార్య ఓల్గా దాన్ని అమెరికన్ బేస్ వాద్యకారుడు గ్యారీ కార్‌కు ఇచ్చింది. చివరికి పై పలక స్ప్రూస్ చెక్కలో చెట్టు ఏడాదికొకటిగా పెంచుకున్న వలయాలు కొలిచి 2005లో ఫలితాలు ప్రచురిస్తే, ఆఖరి వలయం 1761 నాటిదని తేలింది. 1611లో పనిచేసినవాళ్ళకు 1761లో పెరిగిన వలయం ఎక్కడ దొరికిందో మరి! అలాగని 1761లో చేశారనీ కాదు. చెట్టు అంతకుముందు కొట్టలేదు అన్నంతవరకే అది చెప్తుంది. బయటి వలయాలు చిత్రికలో పోయి ఉండొచ్చు, చెక్క ఏళ్ళ తరబడి ఆరి ఉండొచ్చు. ఎవరు చేశారన్నది వలయాలు చెప్పవు. కార్ మాత్రం దాని మీదే కచేరీలు చేశాడు, రికార్డింగులు ఇచ్చాడు. ఆ ధ్వనికి 1611తో ఎప్పుడూ పని పడలేదు.

చాలా బేస్‌ల విషయంలో "ఎవరు చేశారు" అన్న ప్రశ్నే తప్పు. జర్మనీలో సాక్సనీ ప్రాంతపు మార్క్‌నోయికిర్హెన్ చుట్టుపక్కల ఒక ఇంట్లో స్క్రోల్ చెక్కేవారు, ఇంకో ఇంట్లో బాడీ చేసేవారు, వ్యాపారి అన్నీ కొని కలిపించి ఓడ ఎక్కించేవాడు. ఎగుమతులు ఎంతగా సాగాయంటే అమెరికా ఆ చిన్న ఊళ్ళో కాన్సులర్ ఆఫీసు పెట్టింది. అలాంటి బేస్‌కి ఒక్క పేరు ఎక్కడ తెస్తాం? ఆ చేతిపని తక్కువదేం కాదు, దానికి సంతకం లేదంతే.

అమ్మేవాళ్ళు మాత్రం నీళ్ళు నములుతారు. "ఫలానా వారి శైలి", "ఫలానా వారిదని భావిస్తున్నారు" అని రాసి ధర మాత్రం ఆ ఫలానా వారి స్థాయిలో వేస్తారు. భావిస్తున్నది ఎవరండీ? "సాక్సనీ, 1880-1910 మధ్య, చేసినవారు తెలియదు, మెడ తర్వాత మార్చారు" అని రాసిన కాగితానికి నేను ఎక్కువ డబ్బు ఇస్తాను. పేరు రాసే ధైర్యమే ఉంటే, ఏ ఆధారంతో ఆ మాట అంటున్నారో కూడా రాసి కింద సంతకం పెట్టమనండి.