పిరికివాడిని వస్తాదుని చేస్తే నవ్వెలా వస్తుంది?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు తెలుగిళ్లలో టీవీ పెడితే ఒకే సినిమా కథ తెలుగులోనూ హిందీలోనూ తగులుతుంది. అందుకే ఈ బాధ. ‘మర్యాద రామన్న’ (2010)లో సునీల్ పిరికివాడు. పగవాళ్ల ఇంట్లో అతిథిగా చిక్కుకుంటాడు. గడప లోపల ఉన్నంతసేపే ప్రాణం, దాటితే కత్తి. ఆ ఇంట్లోంచి కదలకుండా ఉండటానికి పడే అగచాట్లలోనే ఉంది నవ్వంతా. దాన్నే 2012లో హిందీలో ‘సన్ ఆఫ్ సర్దార్’గా తీసి, ఎంతమందినైనా విసిరికొట్టే హీరోని పెట్టారు. కొట్టగలిగినవాడు గడప దాటడానికి ఎందుకు జంకాలి? కామెడీ అక్కడే చచ్చింది! ఈ కథకు ప్రేరణ అయిన హాలీవుడ్ హాస్యనటుడు బస్టర్ కీటన్ మూకీ ‘అవర్ హాస్పిటాలిటీ’ 1923 నాటిది. అది ఇప్పటికీ నవ్విస్తుంది, ఎందుకంటే అందులో ప్రమాదం నిజంగా ఉంటుంది.

పాతవన్నీ గొప్పవని కాదు. నత్తి మీద, ఒంటి రంగు మీద వేసిన జోకులు ఇప్పుడు వినలేం. కానీ ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్నే చూస్తూ ఉత్త అన్నం తినే సీను చూడండి. ముద్దకీ చూపుకీ మధ్య ఉన్న ఆ ఖాళీయే నవ్వు. రీల్స్ చేసేవాళ్లు సరిగ్గా దాన్నే కోసేసి, పైన ఏదో సౌండ్ అతికిస్తారు. ఆ రెండు క్షణాలు ముట్టుకోకండయ్యా, దండం పెడతాం!