ఆ డబ్బు ఎవరి చేతికి?

1946 ఆగస్టు 6, మంగళవారం. బ్రిటన్‌లో తల్లులు చిన్న పుస్తకాలు పట్టుకుని పోస్టాఫీసులకు వెళ్లారు. రెండో బిడ్డ నుంచి ఒక్కో బిడ్డకు వారానికి 5 షిల్లింగుల ప్రభుత్వ సాయం. ఆ డబ్బు వాళ్ల చేతికే రావడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలో చేరితే, ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో చూసి ప్రభుత్వం భార్యలకు అలవెన్స్ ఇచ్చేది. లివర్‌పూల్‌లో ఆ కుటుంబాల బాగోగులు చూసిన ఎలినార్ రాత్‌బోన్, యుద్ధం ముగిశాక కూడా తల్లులకు ఇలాంటిదే ఉండాలని పట్టుబట్టారు. "మగవాడికి సంసారం ఉంది కదా" అంటూ ఆడవాళ్లకు తక్కువ జీతమిచ్చే రోజులవి. పెళ్లికాని మగవాడికీ అదే పెద్ద జీతం. పిల్లల్ని ఒంటరిగా పెంచే విధవరాలికి మాత్రం చిన్న జీతమే. పిల్లల ఖర్చులో ప్రభుత్వం పాలుపంచుకుంటే ఆ సాకు చెల్లదన్నది ఆమె వాదన. నాకు ఇందులో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

తీరా 1945లో బిల్లు వస్తే, అందులో డబ్బు తండ్రిదని రాసి ఉంది! అప్పటికి ఎంపీగా ఉన్న రాత్‌బోన్‌కు డెబ్బై దాటాయి. జీవితమంతా కోరుకున్న బిల్లుకే ఓటేయలేనన్నారు. చివరికి పార్లమెంటు దాన్ని తల్లి పేరుకు మార్చింది. మొదటి చెల్లింపు చూడకుండానే, 1946 జనవరిలో ఆమె కన్నుమూశారు.

బ్రిటన్‌లో పిల్లల కోసం ప్రభుత్వం ఇప్పుడిచ్చే చైల్డ్ బెనిఫిట్‌కు మూలం అదే. ఇక్కడి మన తెలుగు ఇళ్లలో చాలామంది "ఆయన జీతం ఎక్కువ, ఎలాగూ తిరిగి కట్టాలి" అని అసలు అప్లై చేయరు. తల్లిదండ్రుల్లో ఒకరి ఏడాది ఆదాయం 80,000 పౌండ్లకు చేరితే ఆ బెనిఫిట్ మొత్తమంతా పన్నుగా వెనక్కి పోయే మాట నిజమే. కానీ ఉద్యోగం మానేసి పిల్లల్ని చూసుకునే తల్లి పేరున అప్లై చేస్తే, చిన్నబిడ్డకు 12 ఏళ్లు నిండేదాకా ఆమె స్టేట్ పెన్షన్ (ప్రభుత్వ పింఛను) లెక్కలో ఆ ఏళ్లు క్రెడిట్లుగా కలుస్తాయి. డబ్బు వద్దని టిక్ పెట్టినా సరే. భర్త పేరున పెడితే ఆ క్రెడిట్లు ఆయనకు పోతాయి, ఉద్యోగం చేసే మనిషికి వాటితో పనే లేదు.

వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయం) కూడదని లేకపోతే, ఈ వారమే ఫారం తెరిచి చూడండి. అమ్మ పేరు ఉందా?