దోమ మాది, పట్టా మీది

చల్లని దేశాల విశ్వవిద్యాలయాలు తమ విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, ఉష్ణమండల రోగాల మీద పరిశోధన చేసి రమ్మని విమానం ఎక్కించడాన్ని ఈ మధ్య కొందరు తప్పుపడుతున్నారు. పారాచూట్‌లో దిగినట్టు దిగి, నమూనాలు పట్టుకుని ఎగిరిపోతారని ‘పారాచూట్ పరిశోధన’ అని ఎగతాళి కూడా చేస్తున్నారు. ఈ అన్యాయం చూస్తూ ఊరుకోలేక కలం పట్టాను. జ్వరం ఉన్న ఊళ్లోనే జ్వరం చదువు కూడా పెడితే ఇక విమాన సంస్థలు ఏమైపోవాలి?

ఈ మర్మం పెద్దలకు ఏనాడో తెలుసు. మలేరియా పశ్చిమ ఆఫ్రికాను పీడిస్తున్నది కాబట్టే ఉష్ణమండల వైద్య పాఠశాలను 1898లో లివర్‌పూల్‌లో పెట్టారు. అందుకు ఏటా 350 పౌండ్లు ఇస్తానని ముందుకొచ్చిన ఆల్ఫ్రెడ్ జోన్స్ ఆఫ్రికాకు ఓడలు నడిపే వ్యాపారి. ఓడలోంచి సరుకుతో పాటు జ్వరం కూడా దిగుతుంటే ఎంతటివాడికైనా విద్యాదానం మీద మనసు పోతుంది. మరుసటి ఏడు లండన్‌లోనూ అలాంటిదే వెలిసింది.

శిక్షణలో చెప్పదగిన మొదటి పాఠం మాత్రం మన సికింద్రాబాద్‌ది. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ వైద్యుడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమల చేత కుట్టించాడు. దోమకు ఒక అణా రేటు. పది దోమలు కుట్టాయి, పది అణాలు ముట్టాయి. ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవి బయటపడింది. రాస్ 1899లో లివర్‌పూల్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్లాడు, 1902లో నోబెల్ అందుకున్నాడు. కుట్టించుకోవడంలో ఆ పాఠశాల మొత్తానికి లేని అనుభవం హుసేన్ ఖాన్‌కు ఉన్నా అతన్ని అక్కడికి పిలిచినవారు లేరు. అయినా ఆ అణాను తక్కువ చేయకండి. ఈనాటి పరిశోధన దరఖాస్తుల్లో దాన్నే ‘పాల్గొన్నవారికి దారిఖర్చులు’ అని గౌరవంగా రాస్తున్నారు.

రెండో పాఠం నమూనాల రవాణా. 1976లో అప్పటి జైరే, అంటే ఇప్పటి కాంగోలో, యాంబుకు అనే పల్లెలో జనం తర్వాత ఎబోలా అని పేరు పెట్టిన వింత జ్వరంతో చనిపోతుంటే, జాన్-జాక్ ముయెంబె అనే స్థానిక వైద్యుడు వెళ్లి చేతికి తొడుగు కూడా లేకుండా రోగుల రక్తం తీశాడు. సూది తీసినా రక్తం ఆగలేదు. చేతుల నిండా అదే. సబ్బుతో కడుక్కున్నాడు. జబ్బుపడిన ఒక సన్యాసినిని రాజధాని కిన్షాసాకు తీసుకొచ్చాడు. ఆమె రక్తం నీలిరంగు ఫ్లాస్కులో, ప్రయాణికుల విమానంలో బెల్జియం చేరింది. ఆంట్‌వెర్ప్‌లో మూత తీస్తే ఒక సీసా పగిలి, కరిగిన మంచునీళ్లలో కలిసిపోయి ఉంది. ఆ ప్రయోగశాలలో ఉన్న 27 ఏళ్ల పీటర్ పియోట్ పేరు ఎబోలాను కనుగొన్నవారిలో ఒకడిగా లోకమంతా మారుమోగింది. చేతులు కడుక్కున్నాయన పేరు దశాబ్దాల పాటు చాలామందికి తెలియలేదు. విద్యార్థులు ఇందులో గ్రహించవలసింది ఒక్కటే: ఎవరి చేతికి రక్తం అంటిందన్నది కాదు, ఫ్లాస్కు ఎవరి బల్ల మీద తెరిచారన్నదే లెక్క.

ముయెంబె గారు పెద్దతనంలో మొండికేశారు. రక్తనమూనాలు ఇకపై కాంగో దాటవనీ, ఎబోలా మీద పరిశోధన చేయాలనుకునేవారు తమ దేశానికే రావాలనీ 2019లో ప్రకటించారు. పాఠ్యప్రణాళికకు ఇంతకు మించిన దెబ్బ ఉంటుందా?

ఇప్పటి శిక్షణ ఎంతో మెరుగుపడింది, ఒప్పుకోవాలి. విద్యార్థికి పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా వేస్తారు, స్థానిక భాషలో నమస్కారం నేర్పుతారు. పల్లెకు వెళ్లాక పేజీలకు పేజీల అంగీకారపత్రం తీస్తాడు. దాన్ని చదివి వినిపించేది ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ముసలమ్మ సూది చూస్తే పారిపోతుందో, ఎవరికి జ్వరం వచ్చి దాచుకుంటున్నారో ఆమెకే తెలుసు. వేలిముద్ర వేయించేదీ, ఏడ్చే పిల్లను పట్టుకునేదీ ఆమే. ఆరు వారాలకు విద్యార్థి క్షేత్రానుభవం సంపాదించి వెళ్లిపోతాడు. ఆమెకున్న ఇరవై ఏళ్ల క్షేత్రానుభవాన్ని మాత్రం స్థానిక సహకారం అంటారు. వ్యాసం చివర చిన్న అక్షరాల్లో గ్రామస్థులందరికీ కృతజ్ఞతలు కూడా చెబుతారు.

ఎదురుదారిన, అంటే మన వైపు నుంచి అటు వెళ్లేవారికి శిక్షణ కొంచెం వేరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులను స్ప్రూ అనే ఉష్ణమండల పేగుల రోగం బలితీసుకుంది. ఆ రోగాల గురించి చదవడానికి ఆయన 1920లలో ఎంచుకోవలసివచ్చిన ఊరు మంచు కురిసే బోస్టన్. హార్వర్డ్‌లో పగలు చదువు, పొట్టకూటికి రాత్రి ఆసుపత్రిలో పోర్టరు పని. తర్వాత అమెరికన్ మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందం బోదకాలుకు డీఈసీ మందు తెచ్చింది. ఇవాళ బోదకాలు ఉన్న ప్రాంతాల్లో ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి, కళ్లెదుటే మింగమని పట్టుబట్టే మాత్ర అదే.

ఇక సమన్యాయం కోసం మన విద్యార్థులకూ శిక్షణ ఇచ్చి యూరప్ పంపాలని నా ప్రతిపాదన. అక్కడి ఊబకాయం మీద, చలికాలపు దిగులు మీద ఆరు వారాలు నమూనాలు సేకరిస్తారు. చిక్కల్లా వీసాతోనే. 2022లో ఎయిడ్స్ సదస్సు మాంట్రియల్‌లో జరిగితే, ఆ రోగంతో ఎక్కువ బాధపడే ఆఫ్రికా ప్రతినిధులు ఎందరికో కెనడా వీసాలు అందలేదు. బ్యాంకు నిల్వ చూపించాలి, సొంత ఇంటి కాగితం చూపించాలి, తిరిగి స్వదేశానికి వెళతారని అధికారికి నమ్మకం కలగాలి. లండన్ నుంచి కాంగో వెళ్లే విద్యార్థి విషయంలో ఆ బెంగ ఎవరికీ లేదు. తిరుగు టికెట్టు ముందే కొని ఉంటుంది, సామాను బరువు మాత్రం కొంచెం పెరుగుతుంది.