కోకో కాయ పగలగొట్టి చూపిస్తే ఆఫ్రికా గుర్తుంటుంది
ఖండాల పాఠాలు బట్టీ పట్టడానికి తప్ప దేనికీ పనికిరావు, హైస్కూల్లో తగ్గించేయాలి అని ఒకరు రాశారు, బట్టీ సంగతి నిజమే కానీ తగ్గించాలన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. మేమూ ఆఫ్రికా పటం గీసి, నైలు పొడవు 6,650 కిలోమీటర్లు, ఘనాలో కోకో అని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే, చాక్లెట్ తయారీకి వాడే ఆ కోకో కాయ ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చూపించలేదు. ఇప్పుడు కోనసీమలో మా కొబ్బరి చెట్ల నీడన వేసింది అదే పంట. 2024లో అంతర్జాతీయ మార్కెట్లో టన్ను ధర 10,000 డాలర్లు దాటినప్పుడు "ఒక్కసారిగా ఇంత ఎందుకు పెరిగింది నాన్నా" అని మా అబ్బాయి అడిగాడు. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జులో అంటుకుని ఉన్న గింజలు వాడి చేతిలో పెట్టి, ప్రపంచం మొత్తం కోకోలో సగానికి పైగా పండేది ఐవరీ కోస్ట్, ఘనాల్లోనే, అక్కడ వానలు తేడా కొట్టి, తెగుళ్లు పట్టి దిగుబడి పడిపోయిందిరా అని చెప్పాను. వాడే వెళ్లి అట్లాస్ తెచ్చి గినియా సింధుశాఖ ఒడ్డున ఆ రెండూ వెతికి పట్టుకుని, "పక్కపక్కనే ఉన్నాయి నాన్నా, భూమధ్యరేఖకి కాస్త పైన" అన్నాడు. గింజ వాళ్లు పండిస్తే చాక్లెట్ ఎక్కువగా యూరప్‌లో ఎందుకు తయారవుతోందని ఆ తర్వాత అడిగాడు చూడండి, ఆ ప్రశ్న నాకు స్కూల్లో ఒక్కరోజు కూడా రాలేదు.