కోత పడేది చెరువుల మీదే

ప్రభుత్వం బడ్జెట్ బిగిస్తే ముందు ఆగేది చెరువుల మరమ్మతులేనని మీ వ్యాసంలో రాశారు. నిజమే. మాది ముళబాగిలు పక్క పల్లె, ఇప్పుడు బెంగళూరులో మారతహళ్ళి. మా కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు, ఉన్నదంతా చెరువులే. ఒకప్పుడు తూము తెరవడం, మూయడం నీరుగంటి చూసుకునేవాడు, పంటలో అతనికి వాటా ఉండేది. ఇప్పుడు తూము తలుపు తుప్పు పట్టినా నిధులు రావాలి, టెండర్ పిలవాలి. ఆలోపు కట్ట మీద సర్కారు తుమ్మ మొలిచి, వేళ్ళు లోపలికి దిగి, గట్టి వాన పడిన ఏడాది గండి పడుతుంది. అప్పుడు మాత్రం డబ్బులు ఎక్కడినుంచో ఊడిపడతాయి!

ఇంకో మాట. 2018 నుంచి కేసీ వ్యాలీ (కోరమంగల-చల్లఘట్ట లోయ) పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువుల్లోకి వదులుతున్నారు. బోర్లలో నీళ్ళు పైకొచ్చాయి, కాదనను. కానీ శుద్ధి రెండో దశతోనే సరి, అంటే సూక్ష్మజీవులతో మురికిని కుళ్ళబెట్టి తీసేయడం వరకే. మిగిలిన మలినాలను కూడా తీసే మూడో దశ కూడా చేయమని అక్కడివాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఖర్చెక్కువట. ఇక్కడ ఫ్లష్ నొక్కేది మేము, అక్కడ ఆ చెరువు పక్క బోరు నీళ్ళు తాగేది మా పెదనాన్నవాళ్ళు. సరే, డబ్బుల్లేవనే అనుకుందాం. కనీసం చెరువు నీళ్ళ పరీక్ష ఫలితాలు ప్రతి నెలా పంచాయతీ గోడ మీద అతికించడానికి ఎంతవుతుంది?