బిళ్ళగన్నేరు ఆకు, మిల్లీగ్రాముల లెక్క

ఐదు రేకులు, మధ్యలో ముదురు చుక్క. నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరుని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లల్ని బతికిస్తున్న మందుల్లో ఒకటైన విన్‌క్రిస్టీన్ పుట్టింది ఆ ఆకులోంచే. ఈ సంగతి తెలిసిన కొందరు ఆకు కషాయం తాగమని సలహా ఇచ్చేస్తారు. వాళ్ళది మంచి మనసే కావచ్చు. సలహా మాత్రం ప్రమాదకరం.

అసలేం జరిగిందో చూడండి. 1952లో జమైకా నుంచి ఓ రోగి కొన్ని ఆకుల్ని కెనడాలో క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకి పంపారు. జమైకాలో మధుమేహానికి దీని టీ తాగేవారట. ఆయన తమ్ముడు రాబర్ట్ నోబుల్, రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బీర్ ఎలుకల మీద పరీక్షించారు. నోటితో ఇస్తే చక్కెర తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో చచ్చిపోయాయి. ఇంకొకరైతే ఆ ఆకుల్ని అవతల పారేసేవారేమో! వీళ్ళు ఎందుకు చచ్చాయని వెతికారు. తెల్లరక్తకణాలు పడిపోయాయని తేలింది. అవే కణాలు అదుపు తప్పి పెరిగే జబ్బుకి ఇది పనికొస్తుందన్న ఆలోచన అక్కడ మొదలైంది. 1958లో ఈ ఆకులోంచే విన్‌బ్లాస్టీన్ అనే మరో క్యాన్సర్ మందు వెలుగులోకి వచ్చింది. 1963లో విన్‌క్రిస్టీన్‌కి అమెరికాలో అనుమతి దొరికింది.

కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోముల్ని చెరోవైపుకీ లాగే సన్నని పోగులుంటాయి. వాటికి ముడిసరుకు ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్. విన్‌క్రిస్టీన్ దాన్ని పట్టుకుని పోగుల్ని అల్లుకోనివ్వదు. విభజన మధ్యలో ఆగి కణం చచ్చిపోతుంది. చిక్కేమిటంటే, నరాలూ ఆ పోగుల మీదే ఆధారపడ్డాయి. మందు తీసుకునే పిల్లలకి కాలివేళ్ళు తిమ్మిరెక్కుతాయి, చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. అందుకే ఒక విడతకి సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. రక్తనాళంలోకి ఎక్కించాల్సింది పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణమే పోతుంది.

ఇంత కొలతగా ఇవ్వాల్సినదాన్ని గ్లాసుడు కషాయంలో ఎవరు కొలవగలరు? ఆకులో ఆల్కలాయిడ్లు అనే మొక్కల రసాయనాలు వందకు పైగా ఉన్నాయి. వాటిలో విన్‌క్రిస్టీన్ వాటా ఎంత తక్కువంటే, కొద్దిపాటి మందుకోసమే వందల కిలోల ఎండాకు వాడాల్సి వస్తుంది. ఈ ఇబ్బంది తప్పించే దారిలోనే 2022లో శాస్త్రవేత్తలు విన్‌బ్లాస్టీన్‌కి కావలసిన రెండు ముడిపదార్థాల్ని ఈస్ట్‌ చేత తయారుచేయించగలిగారు.

మొక్కల్ని నమ్మొద్దని నేననను. జమైకా జనం ఆ టీ తాగకపోయుంటే ఈ ఆకు ప్రయోగశాల దాకా వచ్చేదే కాదు. వాళ్ళ అనుభవం విలువైన ప్రశ్నని అందించింది. జవాబు పరీక్షల్లో దొరికింది, అదీ వేరే జబ్బుకి. కీమో తీసుకుంటున్నవాళ్ళు ఏ కషాయం తాగుతున్నా డాక్టరుకి చెప్పి తీరాలి. విన్‌క్రిస్టీన్‌ని శరీరంలోంచి వదిలించేది కాలేయం. కొన్ని ఫంగస్ మందులు తోడైతే చాలు, ఆ పని మందగించి నరాలు మరింత దెబ్బతింటున్నాయి. కషాయం అలా చేయదన్న భరోసా ఎవరిస్తారు?