బుట్ట అల్లిన చేతి నుంచే విరాళమా?

దసరా మొదలుకొని సంక్రాంతి దాకా నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి ఊళ్లలో సేవా సంస్థలు కల్యాణ మండపాల్లోనూ కాలేజీ ఆవరణల్లోనూ బల్లలు వేసి చేతి అల్లికలు అమ్ముతుంటాయి. తాటాకు పెట్టెలు, ఈత బుట్టలు, వెదురు చేటలు పేర్చి, ముందు ఒక అట్ట పెడతారు: గిరిజన మహిళలు అల్లినవి, వచ్చిన సొమ్ములో సగం అనాథ పిల్లలకు. కొన్నవారు ఒకే ఖర్చుతో రెండు మంచి పనులు చేశామని సంతోషంగా వెళతారు. ఆ సంతోషంలో తప్పు లేదు. తప్పంతా ధర వేసిన తీరులో ఉంది.

మూత ఉన్న పది అంగుళాల తాటాకు పెట్టెనే తీసుకుని లెక్క వేద్దాం. ఆకు చీల్చడం, రంగు వేయడం లాంటి ముందు పనికి రెండు గంటలు, అల్లికకు ఏడు గంటలు, మొత్తం తొమ్మిది గంటలు అనుకోండి. ఆకు కోత, రంగు, దారం కలిపి 50 రూపాయలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు, అంటే ఎనిమిది గంటల రోజుకు గంటకు 37.50. ఆ లెక్కన తొమ్మిది గంటలకు 337.50, సరుకు ఖర్చుతో కలిపి 387.50 అవుతుంది. అదే పెట్టెను బల్ల మీద 250కి అమ్మి, సగం అనాథాశ్రమానికి ఇచ్చారనుకుందాం. అల్లిన ఆమె చేతికి వచ్చేది 125. సరుకు ఖర్చు తీసేస్తే 75. తొమ్మిది గంటల పనికి 75 రూపాయలు!

ఆమె కోల్పోయింది 262.50. అందులో 125 ఆశ్రమానికి చేరింది. మిగిలిన 137.50 కొన్నవారికి తగ్గింపుగా మిగిలింది. అంటే ఇక్కడ దాత అల్లిన ఆమె ఒక్కతే. కొన్నవారు ఇచ్చింది ఏమీ లేదు, పైగా ఆమె కూలిలోంచి తామే కొంత పుచ్చుకున్నారు. గంటలు, ఖర్చులు చోటును బట్టి మారతాయి. సంస్థ నడిపేవారు ఒక పూట అల్లే చోట కూర్చుని గడియారం చూసి రాసుకుంటే అసలు లెక్క తేలుతుంది. చాలామంది ఆ ఒక్క పూట కూడా కూర్చోరు. పక్క స్టాల్లో ఎంతకు అమ్ముతున్నారో చూసి ధర వేసేస్తారు.

సరైన ధర వేయాలంటే 387.50 మీద పాడైన సరుకుకు పది శాతం, రవాణాకు, స్టాలు అద్దెకు మరో అరవై కలపాలి. అప్పటికే 490 దాకా వస్తుంది. విరాళం ఆ పైన మొదలవ్వాలి. విరాళంతో కలిపి 550 పెట్టి పెట్టె ఎవరు కొంటారని అడుగుతారు. కొనకపోతే వస్తువు మార్చాలి గాని కూలి కొయ్యకూడదు. మూత లేని నాలుగంగుళాల తాంబూలం బుట్ట గంటలో అవుతుంది. పెళ్లికీ సీమంతానికీ గృహప్రవేశానికీ వందల్లో కావాలి, దయతో కాకుండా అవసరంతో కొంటారు. జాలితో కొన్న పెట్టె అటక మీదికి పోతుంది, దానికి రెండో ఆర్డరు రాదు.

ఆర్డరు రావడం ఒక ఎత్తు, సరుకు నిలవడం మరో ఎత్తు. తాటాకు పనికి విచ్చుకోని మొవ్వ, అంటే చెట్టు నడి నెత్తిన ఉండే లేత ఆకు కావాలి. ముదురు ఆకు మడతలో విరుగుతుంది. ఒకే చెట్టు నుంచి మొవ్వలు ఎక్కువగా కోస్తే చెట్టు నీరసిస్తుంది. కోసిన మొవ్వను విప్పి మూడు నాలుగు రోజులు ఎండలో పెట్టి, ఈనె తీసి, పాయలుగా చీల్చాలి. అల్లే ముందు నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టి ఉంచితే పాయ మెత్తబడుతుంది. పాయల వెడల్పు ఒక్కటిగా లేకపోతే గోడ ఒక పక్కకు వాలి మూత పట్టదు. కంటి అంచనాతో చీల్చడమే ఇందుకు కారణం. చెక్క ముక్కకు రెండు బ్లేడ్లు కావలసిన దూరంలో బిగించి, వాటి మధ్య ఆకును లాగితే ఈ బాధ తీరుతుంది. మూతకూ అడుగుకూ వేర్వేరు చెక్క అచ్చులు పెట్టుకోవాలి, మూత అచ్చు రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దది.

రంగు దగ్గర జరిగే పొరపాటు మరీ ఖరీదైనది. పాయలను రంగు నీళ్లలో అరగంట ఉడికించి, ఆ నీళ్లలోనే చల్లారనిచ్చి, కడిగిన నీరు తేటగా వచ్చేదాకా కడిగి నీడన ఆరబెట్టాలి. తొందరపడి ఒక్కసారి జాడించి వదిలేస్తే పెళ్లిలో తడి తమలపాకు తగలగానే రంగు పట్టుచీరకు అంటుకుంటుంది. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడని బుట్ట బయటికి పంపకూడదు.

ఈత బరికెలతో గంప అల్లేటప్పుడు తడే ప్రాణం. బాగా ఎండిన బరికె అంచు తిప్పేచోట పుటుక్కున విరుగుతుంది. కోసీ కోయగానే అల్లితే వారానికల్లా కుంచించుకుపోయి సందులు పడతాయి. ఒకటి రెండు రోజులు వాడిపోనిచ్చి, అల్లేటప్పుడు తడుపుకోవడం మంచిది. వెదురు అయితే మూడు నాలుగేళ్ల బొంగు కావాలి. లేతదానికి, పిండిపదార్థం ఎక్కువున్నదానికి పురుగు పట్టి కొన్ని నెలలకే దబ్బల నుంచి పొడి రాలుతుంది. రెండు మూడు వారాలు పారే నీటిలో నానేస్తే ఆ పదార్థం చాలావరకు పోతుంది. అలంకారం వస్తువులకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించవచ్చు గాని, బియ్యం చెరిగే చేటకు అది తగదు. చేటకు మన ఇళ్లలో వాడే కాగితపు గుజ్జు, మెంతిపిండి పూతే చాలు. సందులు మూసుకుంటాయి, నూక జారిపోదు. మెరుపు కోసం ఆ చేటకు వార్నిష్ కొట్టే స్టాళ్లు ఉన్నాయి. అలా చేస్తే అది చెరగడానికి పనికిరాకుండా గోడకు వేలాడే బొమ్మ అవుతుంది.

వీటన్నిటికంటే మన జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు వాన. నెల్లూరు వైపు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి ఆర్డర్లు వచ్చేదీ సరిగ్గా అప్పుడే. సెప్టెంబరు ఆఖరున ఆర్డరు ఇచ్చి నవంబరుకు సరుకు కావాలంటే, ఆకు ఎండక ముందే అల్లి, తడి ఆరక ముందే పాలిథిన్ సంచిలో కట్టేస్తారు. విప్పేసరికి బూజు. అప్పుడు సరుకు బాగాలేదని ఆమె డబ్బులో కోత పెడతారు. ఆ బూజు ఆర్డరు తేదీలోనే పుట్టింది. ఫిబ్రవరి, మే మధ్య ఆకు కోయించి, ఎండబెట్టి, నేలకు తగలకుండా అటక మీద నిలవ చేయించాలి. ఆ ముడిసరుకు కొనడానికి ఎండాకాలంలోనే అడ్వాన్సు ఇవ్వాలి. ప్యాకింగుకు కాగితం, అట్టపెట్టె వాడాలి.

గిరిజన మహిళలు అంటూ అందరినీ ఒకే గాటన కట్టడం ఇంకో పొరపాటు. గంపలు, తట్టలు, చేటలు అల్లి ఊరూరా తిరిగి ధాన్యానికీ డబ్బుకీ ఇచ్చిన చరిత్ర ఎరుకల కుటుంబాలది. నెల్లూరు జిల్లాలో సంఖ్యలో ఎక్కువ ఉన్న యానాదుల బతుకు వేరు: కాలువల్లో చేపలు, పొలాల్లో ఎలుకలు పట్టడం, అడవి సరుకు ఏరడం, ఇప్పుడు రొయ్యల గుంటల కాపలా. వారికి ఆరు రోజుల శిక్షణ ఇచ్చి వెంటనే ఎరుకల ఆమె చేతి నేర్పు ఆశించడం అన్యాయం. మొదటి కొన్ని నెలలు చిన్న వస్తువులే చేయించాలి, ఆ రోజుల్లో ముక్క లెక్కన కాకుండా రోజు కూలి ఇవ్వాలి.

సేవ పేరుతో వీళ్ల చేత పని చేయించడం మనకు కొత్త కాదు. కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరస్థుల ముద్ర వేసిన 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల, యానాది కుటుంబాలను సెటిల్‌మెంట్లలో ఉంచారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం, మన నెల్లూరు జిల్లాలోని కప్పరాళ్లతిప్ప అలా ఏర్పడినవే. స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ అజమాయిషీలో నడిచింది. పని ఏదో, కూలి ఎంతో తేల్చే మాట పనిచేసేవారిది కాదు. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది. ఇవాళ బుట్ట ధర నిర్ణయించే కుర్చీలో అల్లే ఆమెకు చోటు లేకపోతే ఆ పాత పద్ధతిలో కొంత ఇంకా మిగిలినట్టే. ఆమె ఫొటోను అట్ట మీద వేసి జాలి పుట్టించడం కూడా ఆపాలి.

డబ్బు ఎప్పుడిస్తారన్నది ఎంత ఇస్తారన్నంత ముఖ్యం. అమ్ముడయ్యాక ఇస్తామని సరుకు పట్టుకెళ్లి, రెండు నెలలకు నలిగినవి తిరిగి ఇవ్వడం వల్ల నష్టమంతా ఆమె మీదే పడుతుంది. ఏ పూటకాపూట ఇల్లు నడవాల్సిన ఆమె ఆ రెండు నెలలూ వడ్డీకి తెచ్చుకుంటుంది. సరుకు తీసుకున్న రోజే, ఆమె ఎదుటే చూసి, పనికిరానివి పక్కన పెట్టి, మిగిలినవాటికి డబ్బు ఇచ్చేయాలి.

సంస్థలు అల్లేవారికి చేయగల అసలైన సాయం కాగితాల పని. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో బుట్టలు, చాపలు, చీపుర్ల పనీ ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 దాకా, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ తర్వాత రెండు లక్షల దాకా రుణం. ఇంటికి ఒక్కరికే అవకాశం కాబట్టి, అల్లేది ఆమె అయినప్పుడు దరఖాస్తు ఆమె పేరునే వెళ్లేలా చూడాలి.

ఇక స్టాలు దగ్గర బిల్లు. అందులో రెండు వరుసలు ఉండాలి. మొదటిది బుట్ట ధర: కూలి, సరుకు, రవాణా, స్టాలు ఖర్చు. రెండోది విరాళం. మొదటి వరుస కొనుగోలు, దానికి పన్ను రాయితీ వర్తించదు. విరాళాలకు పన్ను రాయితీ వచ్చే గుర్తింపు సంస్థకు ఉంటే ఆ రసీదు రెండో వరుసకే ఇవ్వాలి. ఆ రెండో వరుసను ఖాళీగా వదిలి, అంకె కొన్నవారినే రాయమనాలి. సున్నా రాసినా బుట్ట ఇచ్చి పంపాలి.